కంటికి కానరాని భారము

వ్యాధి యొక్కరికి వచ్చును. దాని భారము సంసారమునంతటిని క్రుంగదీయును. మల్టిపుల్ స్క్లెరోసిస్ అను నాడీమండల వ్యాధి విషయమున నీ మాట యక్షరాల నిజము. 1868లో ఫ్రెంచి వైద్యుడు షార్కో దీనిని విశదముగా వర్ణించెను. శరీరమును రక్షింపవలసిన శక్తియే దారి తప్పి, మెదడునందును వెన్నుపామునందును నాడీతంతువుల పైపొరను దెబ్బతీయును. అందువలన చూపు మందగించుట, కాళ్లు తడబడుట, తిమ్మిరి, విశ్రాంతిచే తీరని యలసట కలుగుచుండును.

ఇది తరచుగా 20, 40 సంవత్సరముల నడిమి ప్రాయమున, పురుషులకంటె స్త్రీలయందు హెచ్చుగా బయల్పడుచున్నది. చదువు ముగించి జీవనోపాధిలో కుదురుకొను కాలమది. పసిబిడ్డలను సాకు కాలమది. పెక్కుమందికిది వచ్చి, తగ్గి, మరల వచ్చును. నిన్న నడచినవాడు నేడు మంచము దిగలేడు. కొన్ని వారములకు మరల లేచి తిరుగును. దేహోష్ణము హెచ్చినపుడు లక్షణములును హెచ్చును గనుక మన వేసవి వీరికి మరింత దుర్భరము. ఇది యెరుగని లోకము రోగిని సోమరియనును.

ఇక వ్యయము. మెదడు చిత్రములు తీయించుటకు, సంవత్సరముల తరబడి మందులకు ధనము కావలయును. రోగి సంపాదన పోవుట యొక నష్టము. పరిచర్యకై తల్లియో, భార్యయో, భర్తయో పని మానుకొనుట రెండవ నష్టము. ఈ రెండవది యే మందుల చీటీలోను కానరాదు.

1995 నాటి శాసనము ఏడు వైకల్యములనే గుర్తించెను. 2016 శాసనము ఆ సంఖ్యను 21కి పెంచి, ఈ వ్యాధిని పేరుతో చేర్చుట హర్షణీయము. ప్రభుత్వోద్యోగి కొలువులో నుండగా వికలాంగుడైనచో నాతనిని తొలగింపరాదనియు, స్థాయి తగ్గింపరాదనియు ఆ శాసనము చెప్పుచున్నది. ప్రైవేటు కొలువులవారి కట్టి యభయమేది? ముఖ్యమైన సదుపాయములకు నూటికి 40 పాళ్ల వైకల్యము ధ్రువపడవలెను. హెచ్చుతగ్గులే స్వభావముగా గల వ్యాధిని ఒక్కనాటి పరీక్షతో తూచుట న్యాయమా?

2023లో ప్రపంచారోగ్య సంస్థ గ్లాటిరామెర్, క్లాడ్రిబిన్, రిటుక్సిమాబ్ అను మందులను ఈ వ్యాధికి అత్యవసరౌషధముల పట్టికలో చేర్చెను. వీనిలో రిటుక్సిమాబునకు సమానమైన మందును హైదరాబాదునందలి డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లోనే, క్యాన్సరు చికిత్సకై, మన దేశమున విక్రయమునకు తెచ్చెను. మందును సిద్ధముచేయు నేర్పు మనయింటనే యున్నది. దానిని పేదవాని పడకకు చేర్చు పూనిక కావలసియున్నది.

కావున మా కోరికలు మూడు. ప్రతి జిల్లా ప్రభుత్వాసుపత్రియందును, వైద్యుడు వ్రాసిన మందు రోగికి ఉచితముగా లభింపవలెను. వైకల్యమును నిర్ణయించు వైద్యులు వ్యాధి పూర్వచరిత్రను, పైకి కానరాని యలసటను గూడ లెక్కింపవలెను. యజమానులు పనివేళలను సడలించి, చేయగలిగినంత కాలము రోగిని కొలువున నిలుపుకొనవలెను. శాసనమున వ్రాసిన పేరు రోగి గడపలో అన్నముగను, మందుగను మారిననాడే ఆ వ్రాత సార్థకమగును.