ఆందోళన అనే మాటకి రెండు అర్థాలు

మొన్న మా కాలేజీలో ‘ఒత్తిడిని జయించడం ఎలా’ అని ఒక సెమినార్ పెట్టారు. కాలేజీ పేరు చెప్పను, గోదావరి జిల్లాల్లో మీకు తెలిసిన ఏ కాలేజీ పేరు పెట్టుకున్నా సరిపోతుంది. వచ్చిన పెద్దాయన తెల్ల కుర్తా వేసుకుని రెండు గంటలు నవ్వుతూనే మాట్లాడారు. ఒత్తిడి బయటెక్కడా లేదు, అంతా మీ మనసులోనే ఉంది అన్నారు. కళ్లు మూసుకోండి, ఊపిరి పీల్చండి, నాలుగు లెక్కపెట్టి వదలండి. పొద్దున్నే లేచి మీకున్న వాటికి కృతజ్ఞత చెప్పుకోండి. హాలంతా కళ్లు మూసుకుంది. నాలుగో వరసలో ఒక అమ్మాయి మాత్రం మూసుకోలేదు.

ఆ అమ్మాయి సంగతి నాకు తెలుసు. ఫీజు రీయింబర్స్‌మెంట్ పడలేదని హాల్ టికెట్ ఆపేశారు. ప్రభుత్వం కాలేజీకి ఇవ్వాల్సిన బాకీ అది. తండ్రి కొబ్బరికాయలు ఒలిచే కూలీ, తల్లి రొయ్యల కంపెనీలో తలకాయలు తీసే పనికి వెళ్తుంది. మూడు వారాలుగా ఆ పిల్లకి నిద్ర లేదు. ఆఫీసు కౌంటర్ దగ్గరకి వెళ్తే చెమటలు పట్టి గుండె దడదడలాడుతుందట. నాలుగు లెక్కపెట్టి ఊపిరి వదిలితే ఆ బాకీ తీరుతుందా అండీ? కృతజ్ఞత ఎవరికి చెప్పాలి, క్లర్కుకా?

నేను తెలుగు చెప్పుకునేదాన్ని కాబట్టి మాటల దగ్గరికే వెళ్తాను. మా పేటల్లో స్ట్రెస్, యాంగ్జైటీ అనరు. బెంగ అంటారు. దిగులు, గుబులు, దడ, మనాది అంటారు. ఫలానావాడు బెంగ పెట్టుకున్నాడు అనగానే వినేవాళ్లు అడిగే మొదటి మాట ‘దేనికంట?’ బెంగకి ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది. అప్పు బెంగ, కూతురి పెళ్లి బెంగ, గల్ఫ్ వెళ్లిన మనిషి మీద బెంగ. మనోవ్యాధి అనే పెద్ద మాట జనం నోట్లో నలిగి మనాది అయింది. మనాదితో మంచం పట్టిందంటే ఎవరివల్ల పట్టిందో కూడా వీధి వీధంతా చెప్పేది. సెమినార్ భాషలోకి వచ్చేసరికి ఆ ‘దేనికి’, ఆ ‘ఎవరివల్ల’ రెండూ మాయమైపోయాయి. మిగిలింది నువ్వు, నీ ఊపిరి.

ఇంకో మాట ఉంది, ఆందోళన. సంస్కృతంలో ఊగడం, ఊపడం అని అర్థం. తెలుగులో దాన్ని రెండు పనులకి వాడుతున్నాం. పేపర్లో ‘విద్యార్థుల ఆందోళన’ అని హెడ్డింగ్ పెడితే వాళ్లు భయపడ్డారో, రోడ్డెక్కారో లోపల చదివితేగానీ తెలీదు. లోలోపల ఊగిపోతే ఒక ఆందోళన, బయటికొచ్చి ఎదుటివాడి కుర్చీ ఊపితే ఇంకో ఆందోళన. ఈ మోటివేషన్ దుకాణాలు చేసేదల్లా రెండో అర్థాన్ని కత్తిరించి, మొదటిదాన్ని మన చేతిలో పెట్టి, దీన్ని నువ్వే తగ్గించుకో అనడం.

ఇది ఎంతదూరం పోతుందో చూశాం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేములకి 2015 జులై నుంచి ఫెలోషిప్ అందలేదు. డిసెంబరులో అతనితో కలిపి ఐదుగురిని హాస్టల్ నుంచి వెళ్లగొట్టారు, క్యాంపస్‌లో అందరూ తిరిగే చోట్లకి రావద్దన్నారు. వాళ్లు బయట టెంటు వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ మనకి లేకుండా పోయాడు. తర్వాత కేంద్రం వేసిన రూపన్వాల్ కమిషన్ ఏం తేల్చిందీ? అతని నిరాశకి అతని సొంత సమస్యలే కారణమంది. హాస్టల్ గది, ఫెలోషిప్, వెలి అన్నీ పక్కకి పోయి ఒక కుర్రాడి మనసు మాత్రం ముద్దాయిగా నిలబడింది. సెమినార్ పెద్దాయన నవ్వుతూ చెప్పిన మాటే ఇది, కాకపోతే దీనికి ప్రభుత్వ ముద్ర ఉంది.

మన జిల్లాల సంగతి చూద్దాం. పాలకోడేరు మండలం గరగపర్రులో 2017లో అంబేడ్కర్ విగ్రహం పెట్టుకుంటామన్నందుకు దళితుల్ని సాంఘిక బహిష్కరణ చేశారు. పనికి పిలవరు, కౌలుకి ఇవ్వరు. నిన్నటిదాకా పలకరించినవాడు ఇవాళ మొహం తిప్పుకుని పోతాడు. దెబ్బ కనపడదు, రక్తం రాదు. ఆ పేటలో ఒకామెకి రాత్రిళ్లు నిద్ర పట్టకపోతే డాక్టర్ ఏం రాస్తాడు? చీటీ మీద జబ్బు పేరు ఉంటుంది, బహిష్కరణ ఉండదు. అట్రాసిటీ చట్టంలో సాంఘిక బహిష్కరణని నేరంగా రాసుకున్నది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. మరి ఆ చట్టం పేరు ఏ స్ట్రెస్ మేనేజ్‌మెంట్ క్లాసులోనైనా విన్నారా?

2020 జులైలో సీతానగరం పోలీస్ స్టేషన్లో ఒక దళిత యువకుడికి గుండు కొట్టించారు. న్యాయం జరగట్లేదని ఆ అబ్బాయి నక్సలైట్లలో చేరడానికి అనుమతి ఇమ్మని రాష్ట్రపతికే లేఖ రాశాడు. టీవీలవాళ్లు దాన్ని వింతలా చూపించారు. నాకు అందులో వినపడింది వేరే. అవమానం తలలో తిరుగుతూ ఉంటే దాన్ని ఎక్కడ దించుకోవాలో తెలియని మనిషి, దేశంలో అందరికంటే పెద్ద గుమ్మం చూసుకుని వెళ్లి తట్టాడు. 2022 మే 24న అమలాపురం తగలబడినప్పుడూ అంతే. ఒక జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామన్నందుకు మంత్రి ఇల్లే కాల్చారు. మా చుట్టాలావిడ ఆ తర్వాత నెలల తరబడి, వీధిలో మోటార్ సైకిళ్లు గుంపుగా పోతే లైటు తీసేసి కూర్చునేది. అక్కా, కళ్లు మూసుకుని ఊపిరి పీల్చు అని ఆవిడకి చెప్పగలరా ఎవరైనా?

ఇప్పుడు మనోళ్లతో కూడా ఒక మాట. పైవాళ్లని తిట్టినంతసేపు లైకులు కొడతారు, ఇది కూడా వినండి. మన సభల్లో ఒక పాడు అలవాటుంది. నిద్ర పట్టట్లేదన్నా, ఏడుపొస్తోందన్నా ‘ఉద్యమంలో ఉన్నవాడికి డిప్రెషన్ ఏంటి తమ్ముడూ’ అంటారు. పేటలో అయితే గాలి సోకిందంటారు, ఉపవాస ప్రార్థన పెట్టిస్తారు. ప్రార్థన చేసుకోండి, కాదనను, మా అమ్మా చేస్తుంది. కానీ వారాల తరబడి నిద్రలేక, తిండి సయించక, బతుకు మీద విసుగు పుడితే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. దానికి మందులున్నాయి, చాలామందికి తగ్గుతుంది. మురికి కాలవ నీళ్లు తాగి విరేచనాలు పట్టుకున్నవాడికి ముందు ఓఆర్ఎస్ తాగించాలి. తాగించాక కాలవ సంగతి ఎత్తొద్దు అనేవాడితోనే నా తగాదా. కాలవ బాగుపడేదాకా ఓఆర్ఎస్ వద్దనేవాడితోనూ తగాదానే. ‘మాకొద్దీ నల్లదొరతనము’ రాసిన మన రాజమండ్రి కుసుమ ధర్మన్న గారు వైద్యుడన్న సంగతి ఎంతమందికి గుర్తుంది? రోగానికి మందూ ఇచ్చాడు, దొరతనానికి పాటా రాశాడు.

ఇంతకీ అడగాల్సింది అడగడానికి మన చేతిలో కాగితం ఉంది. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయిన కేసులో, 2025 జులై 25న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సుక్‌దేబ్ సాహా వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒకరు ఉండాలంది. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టడం, పదిమందిలో పరువు తీయడం కూడదంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలతో వివక్ష లేకుండా ఎలా మెలగాలో సిబ్బందికి నేర్పించమంది. చదవండి, ప్రింట్ తీసి జేబులో పెట్టుకోండి. గంటన్నర సెమినార్ పెట్టి ఫొటో దిగితే ఈ తీర్పు అమలైనట్టు కాదు.

రాజమండ్రి, కాకినాడ, అమలాపురం, భీమవరం, ఏ ఊళ్లో చదువుతున్న పిల్లలైనా సోమవారం ప్రిన్సిపాల్ గదికి వెళ్లండి. ఒక్కరే వెళ్లొద్దు, నలుగురు వెళ్లండి. మా కౌన్సెలర్ ఎవరు, ఏ గదిలో కూర్చుంటారు, ఏ రోజుల్లో వస్తారు అని కాగితం మీద రాసివ్వండి. అందినట్టు సంతకం, స్టాంపు వేయించుకోండి. హాల్ టికెట్ ఆపినవాళ్లు అదే కాగితంలో రెండో పేరాగా ఆ సంగతి కూడా రాయండి. స్టాంపు వేసిన కాపీలు నాకు పంపండి, పిల్లల పేర్లు తీసేసి ఇక్కడే పెడతాను. ఈలోపు రాత్రిపూట ఎవరికైనా మరీ భారంగా ఉంటే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిదే, డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

జై భీమ్.