ఇంగ్లీషు మాట: టు అండ్ ఫ్రో



వడ్లమూడి నుండి ఒక తండ్రి వచ్చి, తన కుమార్తె ఇంగ్లీషు పరీక్ష పేపరు మా ముందు పెట్టారు. “మా నాన్న టు అండ్ ఫ్రో తెనాలి వెళ్లెను” అను అర్థముతో ఆ అమ్మాయి వ్రాసిన వాక్యమును టీచరు ఎర్రసిరాతో కొట్టివేశారు. “రానూపోనూ ఛార్జీని అందరూ టు అండ్ ఫ్రో అనే అంటారు గదండీ, అయ్యగారూ! తప్పెక్కడుంది?” అని ఆయన బాధ.

‘టు’ అనగా అక్కడికి. ‘ఫ్రో’ అనునది ‘ఫ్రమ్’కు చుట్టమైన పాతమాట, అక్కడనుండి అని అర్థము. ఇప్పుడది ‘టు’ తోడు లేకుండ ఒంటరిగా కనబడదు. రెండును కలిస్తే ఇటూ అటూ మరల మరల తిరుగుట అని భావము. ఒక్కసారి వెళ్లి వచ్చు ప్రయాణమునకు మన దేశములో ఈ మాట వాడుకైనది గాని, ఇంగ్లీషువారు దానిని ‘రిటర్న్’ అందురు. ఈ మాట వెంటనే ఊరి పేరు పెట్టరాదు. ‘బిట్వీన్’ అని చేర్చి రెండు చోట్లును చెప్పవలెను. పాల వ్యానులు పల్లెలకును వడ్లమూడిలోని సంగం డెయిరీకిని మధ్య తిరుగుచుండుట టు అండ్ ఫ్రో.

ఇది విని ఆయన కాసేపు ఊరకుండి, “అమ్మాయికి టైఫాయిడ్ వచ్చిన రాత్రి తెల్లవార్లూ వరండాలో నేను అట్లాగే తిరిగానండి” అన్నారు. ఆ వాక్యమే అమ్మాయిచేత వ్రాయించండి, ఏ టీచరూ కొట్టివేయరని చెప్పాము.

1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఈ మాట పలుచోట్ల ఉన్నది. నోవహు విడిచిన కాకి నీళ్లు ఇంకువరకు తిరిగినది ఇట్లే. యోబు మొదటి అధ్యాయములో సాతాను భూమిమీద తిరిగి వచ్చితిననుటయు ఈ మాటతోనే. అయితే 2 దినవృత్తాంతములు 16:9 చూడండి. యథార్థ హృదయులను బలపరచుటకు దేవుని కన్నులు లోకమంతట సంచరించుటకును అదే మాట! తిరుగుట ఒక్కటే, ఉద్దేశము వేరు.

తల్లిదండ్రులారా, బిడ్డకొరకు నిద్రలేక ఇటూ అటూ నడచిన రాత్రి మీకును ఉండవచ్చును. ఆ రాత్రి మేలుకొని ఉన్నది మీరొక్కరే కాదు.