పథకాలకు కొలత మనిషి కావాలి

రేషన్ కార్డు దగ్గర కుటుంబమంటే ఒకే పొయ్యి మీద వండుకు తినేవాళ్లు. ఆదాయపు పన్ను దగ్గరికొస్తే హిందూ అవిభక్త కుటుంబం విడిగా పాన్ కార్డున్న పన్నుదారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1973 నాటి భూపరిమితి చట్టంలో భార్యాభర్తలు, మైనరు పిల్లలు కలిసి ఒక యూనిట్. తర్వాత సవరించి, భూమి లేని మేజరు కొడుకుల కోసం పరిమితి పెంచారు, కూతుళ్లకు ఆ వెసులుబాటు లేదు. అవసరాన్ని బట్టి నిర్వచనం మారడం తప్పు కాదు. అది ఎటు మొగ్గుతోందన్నదే చూడాలి. ఆస్తిపరుల ఇంట కుటుంబం అదనంగా ఇంకో పన్నుదారవుతుంది, పేదింట నలుగురు పెద్దవాళ్లూ కలిసి ఒక్కరవుతారు. 2005 ఉపాధి హామీ చట్టం ఏడాదికి 100 రోజుల పనిని మనిషికి కాదు, ఇంటికి హామీ ఇచ్చింది. తల్లిదండ్రులు, కొడుకు, కోడలు ఒకే జాబ్ కార్డులో ఉంటే ఆ వంద రోజులనే పంచుకోవాల్సి వచ్చేది.

ఈ లెక్కలో ఎక్కువగా నలిగేది భర్తకు దూరమైన స్త్రీ. 2013 ఆహార భద్రత చట్టం ఇంట్లో పెద్ద వయసు స్త్రీనే కార్డుకు యజమానిని చేసింది, మంచిదే. కానీ పుట్టింటికి చేరిన కోడలి పేరు అత్త కార్డులోనే ఉండిపోతే ఆ యజమానత్వం ఆమెకు పిడికెడు బియ్యం తెచ్చిపెట్టదు. 2017లో తెలంగాణ ఒంటరి మహిళలకు పింఛను మొదలుపెట్టిందంటే వాళ్లను విడిగా లెక్కించవచ్చని ఒప్పుకున్నట్టే. 2022లో ఒక నర్సు ప్రసూతి సెలవు కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లి, విడిపోవడం, వైధవ్యం, పునర్వివాహం వల్ల మారిన కుటుంబాలకూ చట్ట రక్షణ ఉండాలంది.

మనిషిని కొలతగా తీసుకుంటే జనం కాగితాల మీద దొంగ వేరు కాపురాలు పెడతారన్న అభ్యంతరం ఉంది. వాస్తవం దానికి తలకిందులు. అంత్యోదయ కార్డుకు ఇంట్లో ఎందరున్నా నెలకు 35 కిలోలు. అక్కడ ఒక ఇల్లు రెండయితే లాభం. అదే ఆహార భద్రత చట్టం కింద ప్రాధాన్య కుటుంబాలకు తలకు 5 కిలోలు. కార్డును ఎన్ని ముక్కలు చేసినా గింజ కూడా పెరగదు. దొంగ చీలికలకు ఆశ పెడుతున్నది కుటుంబ లెక్కే. కుటుంబాలు విడిపోతాయన్న భయమూ నిలవదు. వృద్ధులైన తల్లిదండ్రులను పోషించే బాధ్యతను 2007 చట్టం పిల్లల మీద పెట్టింది, దాన్నెవరూ తీసేయమనడం లేదు. ఇల్లు, మరుగుదొడ్డి, కరెంటు మీటరు నిజంగానే ఉమ్మడివి, వాటికి కుటుంబమే సరైన కొలత. బియ్యం, పనిదినాలు, పింఛను విడదీయగలిగినవి. ఎక్కడి దుకాణంలోనైనా సరుకు తీసుకునే పద్ధతి ఇప్పటికే ఉంది. అయినా అత్తింటివాళ్లు ముందే మొత్తం తీసుకుంటే కోడలికి మిగిలేది శూన్యం. ఆమె 5 కిలోలను ఆమె వేలిముద్రకే ముడిపెట్టి, పాత కార్డు నుంచి పేరు తీయించుకోవడానికి ఆమె మాట ఒక్కటి చాలనాలి. దానికి ప్రభుత్వం అదనంగా ఒక్క కిలో కూడా ఇవ్వనక్కర్లేదు.