తియ్యగా ఉన్న నీళ్లన్నీ మంచినీళ్లు కావు



మారా నీళ్లు చేదని ఇశ్రాయేలీయులు నోట పెట్టగానే తెలుసుకున్నారు (నిర్గమ. 15వ అధ్యాయం). మన ఊళ్లలో కొన్ని బోరు నీళ్ల సంగతి అలా కాదు. తేటగా ఉంటాయి, వాసన ఉండదు, తాగితే తియ్యగానే ఉంటాయి. వాటిలో ఫ్లోరైడు మోతాదు మించి ఉంటే, ఆ కీడు కొన్నేళ్లకు గాని బయటపడదు.

ఇది మనకు కొత్త బాధ కాదు. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును వైద్యులు గుర్తించారు. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాల కుటుంబాలు దీనివల్ల ఎంత నలిగాయో అందరికీ తెలుసు. నేలలోని రాళ్ల నుండి ఫ్లోరైడు కరిగి ఊటలో చేరుతుంది. లీటరు నీటిలో అది 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండడం మంచిది. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు.

ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఆ నీళ్లు తాగితే వారికి వచ్చే పళ్లపై సున్నం వంటి తెల్ల మచ్చలు, తరువాత పసుపు, గోధుమ చారలు కనబడతాయి. ఏళ్ల తరబడి తాగిన పెద్దలకు మెడ, నడుము, కీళ్లు బిగిసిపోతాయి. వంగిపోయిన ఎముకను తిరిగి సరిచేసే మందు లేదు. రాకుండా కాచుకోవడమే మార్గం.

కొందరు దీన్ని శాపమనీ, వంశపు జబ్బనీ అనుకొని, పిల్లకు గారపళ్లున్నాయని సంబంధం వదులుకొంటారు. ఇది శాపం కాదు, అంటువ్యాధి కాదు. నీటివల్ల వచ్చింది. విశ్వాసులమైన మనం అటువంటి మాట మన నోట రానియ్యకూడదు.

తల్లులారా, ఒక సంగతి గుర్తుంచుకోండి. కాచి చల్లార్చితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బట్టతో వడపోసినా పోదు. పటిక, సున్నం కలిపి తేర్చే నల్లగొండ పద్ధతి ఉంది గాని, నీటిని పరీక్షించి కొలత ప్రకారం చేయాలి. ఉజ్జాయింపుగా చేయరాదు.

2016లో మొదలైన మిషన్ భగీరథ ద్వారా నల్లగొండ పల్లెలకు కృష్ణా నీళ్లు వచ్చాయి. అందుకు దేవునికి స్తోత్రం. అయితే కుళాయి నీళ్లు మందు వాసన వేస్తున్నాయని తిరిగి బోరు నీళ్లే తాగేవారున్నారు. ఆ మందు క్రిములను చంపడానికి కలిపినది. బిందెలో కాసేపు నిలవ ఉంచితే వాసన తగ్గుతుంది. తాగడానికి, వంటకు, పసిపిల్లల పాలలో కలపడానికి ఆ నీళ్లే వాడండి. బోరు నీళ్లు స్నానానికి, బట్టలుతకడానికి ఉంచండి.

కుళాయి రాని ఊళ్లలో బోరు నీటిని శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. మందిరం ఆవరణలోని బోరుతోనే ఈ పని మొదలుపెట్టమని సంఘ పెద్దలను, స్త్రీల సమాజంవారిని కోరుతున్నాము. ఆరాధన ముగిశాక మన పిల్లలు పరుగెత్తి తాగేది ఆ నీళ్లే గదా!

చిన్నవారి దాహం తీర్చిన వారిని ప్రభువు మరువడు (మత్తయి 10వ అధ్యాయం). ఇచ్చే నీరు మంచిదో కాదో తెలుసుకొని ఇద్దాము.