ఆంగ్లోచ్చారణ బోధన – శిక్షాశాస్త్రం

విశ్వవిద్యాలయాలలో ఆంగ్లం చదివే విద్యార్థికి ధ్వనిశాస్త్రం ఒక పాఠ్యాంశం. ధ్వనిలిపి సంకేతాలను అతడు కంఠస్థం చేస్తాడు. స్థానప్రయత్నాలను పట్టికలుగా వ్రాసి ఉత్తీర్ణుడవుతాడు. నోరు విప్పి పలుకవలసిన అవసరం మాత్రం చాలచోట్ల కలుగదు. గట్టుమీద కూర్చుండి ఈత నేర్చుట ఇట్టిదే.

పాణినీయశిక్ష అధమపాఠకులలో లిఖితపాఠకుని కూడ లెక్కించినది. ఆంగ్లం విషయంలో మన విద్యార్థి దాదాపుగా లిఖితపాఠకుడే. 'ప్లంబర్' అనే మాటలోని బకారాన్ని ఆంగ్లేయులు పలుకరు, మనవారు వదలరు. వ్రాసినట్లే పలికే తెలుగుకు అలవడిన కన్ను ఇక్కడ మోసపోతున్నది.

అయితే సంస్కృతం చదివినవాడు నిరాయుధుడు కాడు. 'పిన్' అన్నప్పుడు ఆంగ్లేయుని పకారంలో మహాప్రాణచ్ఛాయ వినవస్తుంది. 'స్పిన్' అన్నప్పుడు అది ఉండదు. ఈ భేదాన్ని సామాన్యాంగ్లేయుడే గమనింపడు. అల్పప్రాణ మహాప్రాణాలు ఎరిగినవానికి ఒక్క మాటతో బోధపడుతుంది. పడమర అనే అర్థంలోని 'వెస్ట్', చేతులు లేని అంగీ అనే అర్థంలోని 'వెస్ట్' మన నోట ఒకటే. మొదటిది పెదవులు గుండ్రముచేసి పలుకవలసినది. రెండవది క్రిందిపెదవి పైపళ్లకు తాకే దంతోష్ఠ్యం. ఆంగ్ల టకారం మన మూర్ధన్యం కాదు, పైపళ్ల వెనుక చిగుళ్ల వద్ద పుట్టేది. ఋక్ప్రాతిశాఖ్యం రేఫకు కొందరి మతంగా చెప్పిన వర్త్స్యస్థానం ఇంచుమించు అదే.

తైత్తిరీయ ప్రాతిశాఖ్యాన్ని విట్నీ 1871లో ఆంగ్లానువాదంతో ప్రకటించినాడు. ప్రాచీన భారతీయ ధ్వనిశాస్త్రంపై ఆలెన్ 1953లో గ్రంథమే వ్రాసినాడు. పాశ్చాత్యులు ఇంతగా ఆదరించిన పరిభాష చేతిలో ఉండగా, ప్రాచ్యకళాశాల విద్యార్థి ఆంగ్లపు తరగతిలో తలవంచుకొని కూర్చుండడం శోచనీయం.

పండితుల యందును దోషం లేకపోలేదు. అంతా మన శిక్షలో ఉన్నదని తృప్తిపడడం శాస్త్రదృష్టి కాదు. 'జూ' అనే మాటలోని తొలిధ్వని నాదం గల సకారం. సంస్కృత వర్ణసమామ్నాయంలో అది లేదు. ఊనిక సంగతి ఇంకను కష్టం. 'రికార్డ్' శబ్దానికి నామమైనప్పుడు మొదటి అక్షరం మీద, క్రియ అయినప్పుడు రెండవదాని మీద ఊనిక. స్వరం మారి ఇంద్రశత్రు శబ్దం బహువ్రీహి అయిన కథ తెలిసినవారికి ఇది వింత కాదు. కాని వైదికస్వరం ప్రధానంగా శ్రుతిభేదం. ఆంగ్లపు ఊనికలో బలం, కాలం, శ్రుతి కలిసి ఉంటాయి; ఊనిక లేనిచోట అచ్చు తరచు తన రూపమే కోల్పోతుంది. ఇది డేనియల్ జోన్స్ 1917లో వెలువరించిన ఉచ్చారణ నిఘంటువు వంటివి ముందు పెట్టుకొని, తెలిసినవారి నోట విని నేర్వవలసినదే. 1958 నుండి హైదరాబాదులోనే అందుకొక సంస్థ ఉన్నది, నేడది విశ్వవిద్యాలయం.

గురువు ఒకమారు పలుకగా శిష్యుడు రెండుమార్లు పలికే సంథ వేదానికే పరిమితం కానక్కరలేదు. ఆంగ్లాధ్యాపకుడు, శిక్షాశాస్త్రం ఎరిగిన సంస్కృతాధ్యాపకుడు వారానికొక గంట ఒకే తరగతిలో కూడి బోధింపవచ్చును. ఆ గంటకు పుస్తకం తెరువనీయరాదు. పరీక్షలో సగం మార్కులైనా నోటితో పలికినదానికే ఉండవలెను.