పాలమూరు చెల్కలలో చెట్ల వర్తకము

చెట్టును నిందించుటకు మనవారికి నోరు రాదు. చెట్టు నాటుట పుణ్యమని పెద్దలు చెప్పిరి, ప్రభుత్వమును చెప్పుచున్నది. ఆ పుణ్యము చాటున నల్లగొండ, మహబూబునగరము జిల్లాలలో సాగుచున్న వర్తకమునుగూర్చి పట్టణవాసులగు పాఠకులకు రెండు మాటలు విన్నవింపవలసియున్నది. ఏలయన ఇందు మన పాలు కొంత కలదు.

నీలగిరి కాగితపు మిల్లునకు పోవును. శ్రీగంధము, ఎర్రచందనము తోటలను మాత్రము గుంటలుగా విభజించి హైదరాబాదులోని ఉద్యోగులకు అమ్ముచున్నారు. పదునైదేండ్లు ఓపిక పట్టినచో కోటీశ్వరులగుదురని ప్రకటనలు! ఇట్టి యాశలు మనకు క్రొత్తవి కావు. టేకు చెట్లపై వాటాలమ్మిన మదరాసు అనుభవ్ ప్లాంటేషన్స్ సంస్థ 1998లో కూలినప్పుడు ఎందరో మధ్యతరగతివారు తమ కూడబెట్టును పోగొట్టుకొనిరి. ఆ నష్టము మనది గనుక జ్ఞాపకమున్నది. ఊరివాని నష్టమును లెక్కించువారెవరు?

ఆముదపు చెల్కలో విత్తుటకు, కలుపు తీయుటకు, గెలలు కోయుటకు ఊరి స్త్రీలకు కూలి దొరకును. అదే చెల్క తోటయైనచో గుంతలు త్రవ్వు నాళ్లు కొన్ని, పిమ్మట ఒక కావలివాడు, చుట్టును తీగె కంచె. వలసకు పేరుపడిన పాలమూరు కూలీకి వానకాలమందైనను ఇంటిపట్టున దొరకుచుండిన పని ఇట్లు తప్పిపోవుచున్నది. పంట తీసిన చేలలో గొల్లకురుమలు మంద పెట్టుటయు, రైతునకు ఎరువు దక్కుటయు పూర్వాచారము. కంచె పడిన చోట ఇరువురును చెడుదురు.

2019 పశుగణనలో గొర్రెల సంఖ్య 1 కోటి 91 లక్షలు. తెలంగాణమే దేశమున ప్రథమము. 2017లో ప్రభుత్వము నూటికి 75 వంతులు తాను భరించి ఒక్కొక్కరికి 20 గొర్రెలను, ఒక పొట్టేలును ఇచ్చు పథకమును ఆరంభించెను. నల్లగొండ దాపున నొక పల్లెలో వృద్ధుడగు కురుమ నాతో అనినాడు: "వకీలుసాబూ, సర్కారు గొర్లనిచ్చింది, మేపెటందుకు జాగ ఇయ్యలె." నలుబది దావాలు నడపిన నాకు దీనికి జవాబు తోచలేదు.

ఇక నీటి మాట. నల్లగొండ బావులలోని ఫ్లోరైడు చేసిన కీడు లోకవిదితము. అట్టిచోట భూగర్భజలము ప్రతి బొట్టును లెక్కింపదగినది. కర్ణాటకములో 1990 ప్రాంతమున శాస్త్రజ్ఞులు పరిశోధించి, నీలగిరి తోట రాగిపైరుకంటె సుమారు రెండింతల నీరు వాడునని తేల్చిరి. హోసకోటవద్ద లోతైన నేలలో అది కురిసిన వానను మించి త్రాగెను. తేలికనేలలో సహజారణ్యముకంటె నెక్కువ వాడలేదనియు వారే చెప్పిరి. న్యాయమునకు ఆ మాటయు చెప్పవలెను. 1983లో తుమకూరు రైతులు నీలగిరి మొక్కలను పెరికివైచిరి. 2017లో కర్ణాటక ప్రభుత్వము క్రొత్తగా నాటుట నిషేధించెను.

పట్టాదారు తన భూమిలో దేనినైనను నాటుకొనవచ్చునందురు. కూలి గిట్టక నీలగిరి నాటిన చిన్నరైతుపై నాకు కోపము లేదు. కాని పట్టా భూమికే. దాని క్రింది నీటికి కాదు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము బావి త్రవ్వు రైతును నమోదుకు పిలిచినది. నూరెకరముల తోట వేయు వర్తకుని గ్రామసభ యెదుటికేల పిలువరాదు?

బంచరాయి సంగతి వేరు. అది ఊరుమ్మడి మేతభూమి. ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించి గ్రామములకు తిరిగి యిప్పింపవలెనని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ వ్యాజ్యములో సుప్రీముకోర్టు రాష్ట్రములన్నిటిని ఆదేశించినది. ప్రతి పంచాయతీ కచేరిలో బంచరాయి సర్వే నంబరులను, విస్తీర్ణమును గోడపై వ్రాయించుట మొదటి పని. పేదలకు ప్రభుత్వమిచ్చిన భూములు చేతులు మారరాదని 1977 నాటి చట్టము శాసించుచున్నది. తోటలలో నట్టివి కలిసినవేమో తహసీలుదారులు చూడవలెను.

పఠనమందిరమున ఈ ప్రకటనలను చదువు మిత్రులు గుంట కొనుటకు ముందు ఆ సర్వే నంబరు పూర్వచరిత్రను విచారింతురుగాక. తోట చూడబోయినప్పుడు అమ్మకందారుని కారు దిగి, ఆ యూరి కురుమవాడలో ఒక పూట కూర్చుండి, మందలు ఇప్పుడెక్కడ మేయుచున్నవో అడుగుదురుగాక.