660 టన్నుల బంతి.. తైపీ 101ని కాపాడేది నిజంగా అదేనా?

ఫోన్‌లో ఆ వీడియో మీరూ చూసే ఉంటారు. ఆకాశాన్నంటే టవర్ లోపల బంగారు రంగులో ఓ పెద్ద బంతి.. అటూ ఇటూ మెల్లగా ఊగుతుంటుంది. తైవాన్‌లోని తైపీ 101 టవర్ అది. ఎత్తు 508 మీటర్లు. 2024 ఏప్రిల్ 3న భారీ భూకంపం తైవాన్‌ను కుదిపేసినా ఈ టవర్ చెక్కుచెదరలేదు. దీంతో బిల్డింగ్‌ను బంతే కాపాడిందని చాలామంది అనుకున్నారు. కానీ అసలు విషయం వేరు. హైదరాబాద్‌లో 40, 50 అంతస్తుల టవర్లలో ఫ్లాట్లు కొంటున్నవాళ్లు ఈ తేడా తెలుసుకోవాల్సిందే.

బంతి ఏం చేస్తుంది?

దీని పేరు ట్యూన్డ్ మాస్ డ్యాంపర్. స్టీలు పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి చేశారు. బరువు 660 టన్నులు, వెడల్పు 5.5 మీటర్లు. 92వ అంతస్తు నుంచి కేబుళ్లతో వేలాడదీశారు. ఎత్తైన బిల్డింగ్ గాలికి ఊగడం మామూలే. తైపీ 101 ఒకసారి అటూ ఇటూ ఊగడానికి దాదాపు 7 సెకన్లు పడుతుంది. బంతి కూడా అదే లయలో ఊగేలా సెట్ చేశారు. టవర్ కుడివైపు కదిలితే బంతి వెనకబడి, ఎడమవైపు లాగుతుంది. బంతి కింద బైక్ షాక్ అబ్జార్బర్ల లాంటి పెద్ద సిలిండర్లు ఉంటాయి. అవి ఆ ఊపును వేడిగా మార్చేస్తాయి. 2015 ఆగస్టులో సౌడెలోర్ తుపాను వచ్చినప్పుడు ఈ బంతి ఏకంగా మీటరు దూరం ఊగింది.

మరి దీన్ని పెట్టింది ఎందుకు? ప్రధానంగా గాలి కోసమే. పై అంతస్తుల్లో ఉన్నవాళ్లకు కళ్లు తిరగకుండా, వికారం రాకుండా ఉండేందుకే. భూకంపం సంగతి వేరు. అది ఒక్కసారిగా, రకరకాల వేగాలతో కుదుపుతుంది. బంతి ఊపందుకునేలోపే అసలు దెబ్బ పడిపోతుంది.

దీనికి తైపీ 101 చరిత్రలోనే సాక్ష్యం ఉంది. 2002 మార్చి 31న టవర్ ఇంకా కడుతుండగానే భూకంపం వచ్చింది. 56వ అంతస్తు దగ్గరున్న రెండు క్రేన్లు కూలి ఐదుగురు చనిపోయారు. టవర్‌కు మాత్రం ఏమీ కాలేదు. అప్పటికి బంతి పెట్టాల్సిన అంతస్తే కట్టలేదు! అంటే కాపాడింది పునాది, పిల్లర్లు, స్టీలు ఫ్రేమ్.

డ్యాంపర్‌నే నమ్ముకుంటే?

న్యూయార్క్‌లో 1977లో పూర్తయిన సిటీకార్ప్ సెంటర్ కథ చూడండి. 59 అంతస్తుల ఆ టవర్ పైన 400 టన్నుల కాంక్రీట్ దిమ్మ డ్యాంపర్‌గా ఉంది. ఫ్రేమ్ జాయింట్లకు వెల్డింగ్ బదులు బోల్టులు వాడారని, మూలల వైపు నుంచి వీచే గాలికి అవి చాలకపోవచ్చని 1978లో ఇంజినీర్ విలియం లెమెజర్ గుర్తించారు. ఆయన లెక్క ప్రకారం డ్యాంపర్ పనిచేస్తే ప్రమాదం తగ్గుతుంది. కానీ అది నడవాలంటే కరెంటు ఉండాలి. పెద్ద తుపానులో ముందు పోయేది కరెంటే కదా! చివరికి రాత్రిళ్లు గుట్టుగా జాయింట్లకు వెల్డింగ్ చేశారు. ఈ సంగతి జనానికి తెలిసింది 1995లో.

తైపీ బంతికి కరెంటుతో పనిలేదు. అయినా పాఠం ఒక్కటే.. డ్యాంపర్ ఉన్నా స్ట్రక్చర్ బలంగా ఉండాల్సిందే.

మన సంగతేంటి?

డ్యాంపర్ లేదంటే బిల్డింగ్ డేంజర్ అని కాదు. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాలో ఇలాంటి బంతి లేదు. గాలి ఒకే లయలో నెట్టకుండా దాని ఆకారాన్నే మెట్లు మెట్లుగా మలిచారు.

2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వస్తే హైదరాబాద్‌లోనూ ప్రకంపనలు తెలిశాయి. మన దేశంలో 50 నుంచి 250 మీటర్ల ఎత్తున్న కాంక్రీట్ బిల్డింగుల కోసం 2017 నుంచి ఐఎస్ 16700 అనే ప్రమాణం ఉంది. కాబట్టి బ్రోచర్‌లో క్లబ్‌హౌస్ ఫొటోలు చూసి ఆగిపోవద్దు. బిల్డర్‌ను మూడు ప్రశ్నలు అడగండి.

• గాలి ఒత్తిడిపై విండ్ టన్నెల్ టెస్ట్ చేశారా?
• డిజైన్‌ను సంబంధం లేని మరో స్ట్రక్చరల్ ఇంజినీర్ చెక్ చేశారా?
• ఈ డిజైన్ ఐఎస్ 16700 ప్రకారమే ఉందా?

వీటికి కాగితాలు చూపించారా, ఓకే. చూపించకపోతే.. అడ్వాన్స్ ఇచ్చే ముందు మరోసారి ఆలోచించండి.